పాత కారు కొనేముందు గేరుబాక్సు పరీక్ష

మన కుటుంబాలలో చాలామందికి మొదటి కారు పాత కారే. ముసలి తల్లిదండ్రులను ఆసుపత్రికి తీసుకుపోవడానికో, పిల్లల సౌకర్యానికో, కూడబెట్టిన సొమ్ము తీసి కొంటాము. కొనేటప్పుడు రంగు చూస్తాము, సీట్లు చూస్తాము, అద్దాలు ఎత్తి దించుతాము. లోపల దాగిన గేరుబాక్సు సంగతి మాత్రం అడగము. అది చెడితే బండి వెలలో మంచి భాగం రిపేరుకే పోవచ్చును. కనుక బయానా ఇచ్చేముందు ఒక గంట దానికి కేటాయించండని మా మనవి.

ముందుగా క్లచ్చికీ గేరుబాక్సుకీ తేడా తెలియాలి. ఇంజను బలాన్ని గేరుబాక్సుకు అందించేదీ, అవసరమైనప్పుడు ఆపేదీ క్లచ్చి. దాని ప్లేటు చెప్పు అడుగులా అరిగిపోయే వస్తువు. ఏనాటికైనా మార్చక తప్పదు. గేరుబాక్సు అలా కాదు. నూనె సరిగా ఉంటే బండి ఉన్నంతకాలం ఉండవచ్చు. జబ్బు దేనిదో తెలియకపోతే చిన్న ఖర్చుతో పోయేది పెద్ద ఖర్చవుతుంది.

బండిని ఉదయం ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, కొంతదూరం తిరిగి వచ్చాక మరొకసారి చూడాలి. ఇంజను నడుస్తూ గేరు న్యూట్రల్‌లో ఉండగా వినండి. గుర్రుమనే శబ్దం క్లచ్చి పెడలు నొక్కగానే ఆగిపోతే, లోపం గేరుబాక్సు బేరింగులో ఉన్నది. నొక్కినప్పుడే శబ్దం వస్తే క్లచ్చి బేరింగుది.

రోడ్డు మీద మూడవ గేరులో ఆక్సిలరేటరు గట్టిగా తొక్కినప్పుడు ఇంజను అరుపు పెరిగి, వేగం పెరగకపోతే క్లచ్చి ప్లేటు అరిగినట్టే. ఒక్క రెండవ గేరో మూడవ గేరో మాత్రమే కరకరలాడితే ఆ గేరు సింక్రో రింగు అరిగినదని అనుమానించాలి. అన్ని గేర్లూ, ముఖ్యంగా రివర్సు, కరకరలాడితే క్లచ్చి పూర్తిగా విడవడం లేదన్నమాట. పల్లంలో ఆక్సిలరేటరు వదలగానే గేరు తనంతట న్యూట్రల్‌లోకి దూకే బండి జోలికి పోకపోవడమే క్షేమం. ముందు చక్రాలతో నడిచే బండిలో స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టకటకమంటే, అది గేరుబాక్సు కాదు. చక్రానికి పోయే ఇరుసు చివరి కీలు.

మా ఆఫీసు మిత్రులొకరి పాత బండిలో గేర్లన్నీ కరకరలాడుతుంటే ఒక వర్కుషాపువారు గేరుబాక్సు దింపాలన్నారు. వారి బావగారు తీసుకువచ్చిన ముసలి మెకానిక్కు పెడలు నొక్కి చూచి, క్లచ్చి కేబులు సాగినదని చెప్పి బిగించాడు. అంతటితో సరి! అమ్మాయి కాలేజీ ఫీజుకు దాచిన డబ్బు కదలకుండా నిలిచినది.

మన దేశంలో 2014లో సెలెరియోతో వచ్చిన ఏ.ఎం.టి. బండ్లలో క్లచ్చి పెడలు ఉండదు. కాని లోపల క్లచ్చి ఉన్నది, అరుగుతూనే ఉన్నది. బండి వణుకుతూ కదిలితే దానిని చూపించాలి. ఎత్తు మీద ఆగినప్పుడు ఆక్సిలరేటరుతో కాక బ్రేకుతో నిలపాలి. పూర్తి ఆటోమేటిక్ బండ్లలో గేరు నూనె నల్లబడి మాడు వాసన వేస్తే ఆ బేరం వదులుకోండి.

కొన్న తరువాత కంపెనీ పుస్తకం చెప్పిన నూనెనే, చెప్పిన గడువుకే మార్పించండి. దించిన నూనెలో సన్నని బూడిద వంటిది సహజం. ఇనుప పలుకులు కనబడితే మాత్రం లోపల పళ్లు విరుగుతున్నవి. రాత్రి బండి కింద పాత అట్ట పరిస్తే కారుడు తెలుస్తుంది. నడిపేటప్పుడు క్లచ్చి మీద కాలు, గేరురాడ్డు మీద చెయ్యి ఊరకే ఉంచరాదు.

ఇదంతా మనకు రాని విద్య అనుకోనక్కరలేదు. కోయంబత్తూరు ప్రాంతపు తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడుగారు మోటారుసైకిలు విప్పి చూసి యంత్రవిద్య నేర్చి, 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో వ్యాపారం మొదలుపెట్టారు. మనం బండి విప్పనక్కరలేదు. చెవి పెట్టి వింటే చాలు. ఆపైన నమ్మకమైన మెకానిక్కుకు చూపించి, ఆ తరువాతనే డబ్బు లెక్కపెట్టండి.