ముసలి పెట్టకు జబ్బు చేస్తే

కోడి ముసలితనాన్ని కళ్లారా చూసినవాళ్లు మనలో ఎంతమంది ఉంటారు? ఆవు ముసలిదవుతుంది, కుక్క ముసలిదవుతుంది. కోడికి మాత్రం మనం ఆ అవకాశం ఇవ్వం. మాంసానికి పెంచే బ్రాయిలర్ ఆయుష్షు ఆరువారాలు. గుడ్ల ఫారంలో పెట్టకు ఏడాదిన్నర, రెండేళ్లు నిండేసరికి అది పెట్టే గుడ్లు దాణా ఖర్చుకు చాలడం లేదని లారీ ఎక్కిస్తారు. పల్లెలో నాటుపెట్ట ఇంకొంత కాలం బతికినా, పండగో జాతరో ఇంటికొచ్చిన అల్లుడో దాని వయసును తేల్చేస్తారు. అందుచేతనే కోళ్ల వైద్యమంటే చాలావరకు మందలో పాకే అంటురోగాల వైద్యమే. ఒంటరిగా ముసలిదైన పెట్టను గురించి తెలిసింది తక్కువ, అడిగేవాళ్లూ తక్కువ.

కాని అడిగేవాళ్లు ఉన్నారు. పెరట్లోనో డాబా మీదనో పిల్లల ముచ్చట కోసం తెచ్చిన రెండు కోడిపిల్లలు పెద్దవై, పేర్లు పెట్టించుకుని, ఇక కోసుకోవడానికి చేతులు రాని స్థితికి ఆ ఇంటిని తెచ్చేస్తాయి. అలాంటి పెట్ట అయిదారేళ్లు, ఎనిమిదేళ్లు కూడా బతుకుతుంది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో పీనట్ అనే పొట్టిజాతి పెట్ట 20 ఏళ్లు దాటి 2023లో గిన్నిస్ పుస్తకానికెక్కి, ఆ ఏడాది డిసెంబరులో చనిపోయింది. అంతకుముందు అలబామాకు చెందిన మాటిల్డా 2006లో తన 16వ ఏట కన్నుమూసింది. మాటిల్డా జన్మలో ఒక్క గుడ్డు కూడా పెట్టలేదని దాన్ని పెంచినవారు చెప్పారు. ఈ చివరి మాటను కాస్త గుర్తుంచుకోండి.

గుడ్డు వెల

మన కోళ్లన్నిటికీ మూలపుటమ్మ ఎర్ర అడవికోడి. అది ఏడాదికి ఒకటి రెండు ఈతలు, మొత్తం పది పదిహేను గుడ్లు పెట్టి సరిపెట్టుకుంటుంది. మనిషి ఏరి కోరి పెంచిన నేటి లేయర్ పెట్ట ఏడాదికి 300 దాటి పెడుతుంది. ఒక గుడ్డు తయారుకావడానికి 24 నుంచి 26 గంటలు పడితే, అందులో దాదాపు 20 గంటలు పెంకుకే సరిపోతాయి. ఒక్కో పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. మేతలో అది చాలకపోతే పెట్ట తన ఎముకల నుంచే తీసి ఇస్తుంది.

పెట్టకు పనిచేసే అండాశయం ఒక్కటే, ఎడమవైపుది. పచ్చసొన పరిపక్వమైన ప్రతిసారీ అండాశయం పైపొర చిట్లి దాన్ని విడుదల చేస్తుంది. చిట్లిన చోట కొత్త కణాలు పుట్టి గాయం మానుతుంది. మర్నాడు మళ్లీ చిట్లుతుంది. స్త్రీ జీవితకాలంలో ఇలాంటి విడుదలలు సుమారు 400 జరిగితే, లేయర్ పెట్ట ఆ సంఖ్యను రెండేళ్లు తిరక్కముందే దాటేస్తుంది. కణాలు ఎన్నిసార్లు విభజన చెందితే తప్పులు దొర్లే అవకాశం అంత ఎక్కువ. ఎడతెగని ఈ చిట్లుడే అండాశయ క్యాన్సర్‌కు దారితీస్తుందేమోనని ఈజిప్టు వైద్యుడు మహమూద్ ఫతల్లా 1971లో ప్రతిపాదించారు. గర్భనిరోధక మాత్రలు వాడిన స్త్రీలలో ఈ క్యాన్సర్ తగ్గడం ఆ ఊహకు బలమిచ్చింది. అయితే స్త్రీలలో ఈ క్యాన్సర్లు చాలావరకు అండవాహిక చివరి భాగంలోనే మొదలవుతాయని తర్వాతి పరిశోధనలు సూచించాయి. కాబట్టి కథ మొత్తం అండాశయం మీదికే నెట్టడానికి లేదు.

కోడి విషయంలో సాక్ష్యం మరీ స్పష్టం. రెండు నుంచి ఏడేళ్ల వయసున్న పెట్టలను పరిశీలించిన ఫ్రెడ్రిక్సన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు, వాటిలో దాదాపు నాలుగోవంతుకు అండాశయ క్యాన్సర్ ఉన్నట్లు 1987లో ప్రకటించారు. ఎవరూ కలిగించకుండా ఈ జబ్బు ఇంత తరచుగా తనంతట తాను వచ్చే జీవులు అరుదు. ఆ కారణంగానే స్త్రీల అండాశయ క్యాన్సర్‌ను అర్థం చేసుకోవడానికి ప్రయోగశాలల్లో ముసలి పెట్టలను పెంచుతున్నారు. మన పళ్లెంలోని ఆమ్లెట్‌కు పెట్ట చెల్లించే వెల ఇది.

క్యాన్సర్ కాకపోతే మరొకటి. విడుదలైన పచ్చసొన అండవాహిక గరాటులో పడకుండా కడుపులో జారిపోవచ్చు. దానికి సూక్ష్మజీవులు తోడైతే కడుపు లోపలి పొర వాచిపోతుంది. గుడ్డు అడ్డంపడడం, అండవాహికలో చీము గడ్డకట్టడం కూడా ఈ వయసు జబ్బులే.

దాచుకునే జీవి

ఇతర జంతువులకు ఆహారమయ్యే ప్రాణి తన నీరసాన్ని బయటపెట్టదు. గుంపులో కుంటుతున్నదాన్నే గద్ద ముందు చూస్తుంది మరి. కనుక పెట్ట ముడుచుకుని మూల కూర్చున్నట్టు మనకు కనబడిందంటే, లోపల జబ్బు ముదిరి చాలా రోజులైందని అర్థం. తలమీది ఎర్రజుట్టు పాలిపోవడం, తోక వాలిపోవడం, అందరికంటే ముందే గంపలో దూరడం, పొద్దున్నకి కూడా మెడకింది సంచి ఖాళీ కాకపోవడం, ఇవి చూడవలసిన గుర్తులు.

వారానికొకసారి వంటింటి త్రాసులో తూచి రాసిపెట్టుకోవడం మంచి అలవాటు. అయితే త్రాసు ఒక్కదాన్నే నమ్మకూడదు. కడుపులో నీరు చేరుతుంటే బరువు తగ్గకపోగా పెరుగుతుంది కూడా. రొమ్ము ఎముకను వేళ్లతో తడిమి చూడండి. రెండుపక్కలా కండ తగ్గి ఎముక కత్తి అంచులా తగులుతూ, కింద పొట్ట మాత్రం నీళ్ల తిత్తిలా వేలాడుతుంటే ఆ బరువు నీటిదే. అలాంటి పెట్ట పెంగ్విన్‌లా నిటారుగా నిలబడుతుంది. పక్షికి మనలాగా ఛాతీకీ కడుపుకూ మధ్య కండరపు అడ్డుగోడ లేదు. శ్వాసకు సాయపడే గాలితిత్తులు కడుపులోకీ వ్యాపించి ఉంటాయి. నీరు వాటిని నొక్కేస్తుంది. దాన్ని వెల్లకిలా పడుకోబెడితే నిమిషాల్లో ఊపిరాడక చనిపోవచ్చు. పరీక్షించాలంటే నిలువుగానే పట్టుకోవాలి.

డాక్టరు సూదితో నీరు తీస్తే కొన్ని రోజులు, ఒక్కోసారి కొన్ని వారాలు సుఖంగా ఉంటుంది. మళ్లీ చేరుతుంది. ఇంట్లోవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది: నీరసంగా ఉంది కదా అని నోట్లో సిరంజితో నీళ్లు పోయడం. గాలిగొట్టపు ద్వారం నాలుక మొదట్లోనే తెరుచుకుని ఉంటుంది, నీళ్లు తిన్నగా అందులోకే పోతాయి. ముక్కు అంచున ఒక్కో చుక్కా రాస్తే అదే మింగుతుంది.

కోడికి నొప్పి ఏం తెలుస్తుందిలే అనేవారికి ఒక ప్రయోగం చెప్పాలి. బ్రిస్టల్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు కుంటుతున్న బ్రాయిలర్ల ముందు రెండు రంగుల మేత పెట్టి, ఒకదానిలో నొప్పి తగ్గించే మందు కలిపారు. కుంటు ఎక్కువైనకొద్దీ అవి మందు ఉన్న మేతనే ఎక్కువగా తిన్నాయి. ఈ ఫలితం 2000లో వెలువడింది. నొప్పికి మందు అడిగి తీసుకోండి, కాని ఇంట్లో ఉన్న డైక్లోఫెనాక్ మాత్ర విరిచి వేయకండి. అది తిన్న పశువుల కళేబరాల వల్లనే మన రాబందులు లక్షల సంఖ్యలో అంతరించాయి. పశువైద్యంలో ఆ మందును 2006లో నిషేధించారు. మెలాక్సికామ్ రాబందులకు హాని చేయదని తేలింది. మోతాదు మాత్రం డాక్టరే చెప్పాలి. మందు వాడే రోజుల్లో పెట్టిన గుడ్లు తినకూడదు.

ఎప్పటిదాకా?

అన్నిటికంటే కష్టమైన ప్రశ్న ఇది. ఆస్పత్రిలో ‘కోడికి వైద్యమా, కూర వండుకోక’ అన్న నవ్వు వినబడవచ్చు. ఆ నవ్వును పక్కనపెట్టి మూడు సంగతులు గమనించండి. ఇష్టంగా తింటోందా? మట్టిలో పొర్లి దుమ్ముస్నానం చేస్తోందా? తోటి కోళ్ల దగ్గరికి వెళుతోందా? క్యాలెండరులో మంచి రోజుకు ఒక గుర్తు, చెడ్డ రోజుకు ఒక గుర్తు పెట్టండి. వరుసగా చెడ్డ గుర్తులే వస్తుంటే, నొప్పి లేకుండా ప్రాణం తీయమని డాక్టరును అడగడం క్రూరత్వం కాదు. మేత ముట్టని పెట్టను ‘దానంతటదే పోతుందిలే’ అని రోజుల తరబడి వదిలేయడమే నా దృష్టిలో క్రూరత్వం.

ఈలోగా దాన్ని గుంపు నుంచి కాపాడాలి. కోళ్లలో పొడుచుకునే వరుస ఒకటుందని నార్వే శాస్త్రజ్ఞుడు షెల్డెరుప్-ఎబ్బె 1921లోనే వివరించాడు. నీరసపడ్డ పెద్దపెట్టను నిన్నటిదాకా దానికి దారిచ్చిన పెట్టే ఇవాళ పొడుస్తుంది. పూర్తిగా వేరుచేస్తే బెంగపడుతుంది. మధ్యలో వలకట్టి, ఒకదానికొకటి కనబడేట్టు ఉంచడం మేలు.

పోయాక

మిగిలిన కోళ్లు దుఃఖిస్తాయా? కోడిపిల్లల మీద గాలి ఊది వాటిని కాస్త చికాకుపరిస్తే, చూస్తున్న తల్లి గుండె వేగం పెరిగి, కంటి ఉష్ణోగ్రత తగ్గిందని బ్రిస్టల్‌లోనే 2011లో కనుగొన్నారు. తోటిదాని బాధ కోడిని తాకుతుందనడానికి అది ఆధారం. దాన్ని శోకమని పిలవడానికి అది చాలదు.

మనుషుల శోకం సంగతి వేరు. సమాజం శోకంగా గుర్తించని శోకం ఒకటుందని కెన్నెత్ డోకా అనే అమెరికన్ పండితుడు 1989లో రాశాడు. సెలవు దొరకదు, పరామర్శకు ఎవరూ రారు, ఏడిస్తే నవ్వుతారు. కుక్క పోయినవాళ్లకే ఇది తప్పదు. ఆదివారం ప్రతి ఇంట్లో ఉడికే ప్రాణి కోసం ఏడ్చేవాళ్ల సంగతి చెప్పాలా? పైగా ‘ముందే చూసి ఉంటే బతికేదేమో’ అన్న అపరాధభావం. ఇక్కడ జీవశాస్త్రం ఒక మాట చెప్పగలదు: అండాశయపు గడ్డ కడుపు నిండేదాకా బయటికి కనబడదు. దాని విత్తనం మీరు పెట్టను తెచ్చుకోకముందే, రోజుకో గుడ్డు కోసం చేసిన ఎంపికలో పడింది. పిల్లలకు మాత్రం ‘ఊరికి పంపాం’, ‘నిద్రపోయింది’ అని చెప్పకండి. చనిపోయిందనే చెప్పండి. పాతిపెట్టేటప్పుడు వాళ్లనూ ఉండనివ్వండి.

పాతడానికి కుక్కలు తవ్వలేనంత లోతు గొయ్యి, పైన సున్నం. ఇది ముసలిదై ఒంటరిగా పోయిన పెట్టకు. ఒకటి రెండు రోజుల్లో రెండు మూడు కోళ్లు హఠాత్తుగా పోతే అది వేరే సంగతి. కొక్కెర తెగులు కావచ్చు, బర్డ్‌ఫ్లూ కావచ్చు. మన దేశంలో బర్డ్‌ఫ్లూ మొదట 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బయటపడింది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాలను దెబ్బతీసింది. అప్పుడు ఒట్టి చేతులతో ముట్టుకోకుండా, పిల్లలను దూరంగా ఉంచి, పశువైద్యశాలకు కబురు చేయాలి.

గుంపులో ఒక్కటే మిగిలితే దానికి తోడు కావాలి. కొత్తవాటిని మూడు నాలుగు వారాలు విడిగా ఉంచి, జబ్బేమీ లేదని తేలాకనే కలపాలి. ఒకదాన్ని కాక రెండింటిని తెండి, పాతపెట్ట పొడుపులు రెండింటికీ పంచుకుపోతాయి.