పేరేమో అమ్మ మొక్కు... మరి ఇంటిపేరు?

విజయవాడ రోడ్డు మీద పెద్ద అంబర్‌పేట్ దగ్గర బస్సు కోసం నిలబడి "యాదమ్మా!" అని ఓ కేక వేసి చూడండి. నలభై దాటిన ఆడవాళ్లలో కనీసం ఇద్దరు తిరిగి చూస్తారు. "సైదమ్మా" అన్నా అంతే. వాళ్ల మనవరాళ్లను పిలవాలంటే మాత్రం శ్రీజ, అక్షర, సహస్ర అనాలి. పాతపేర్లు మోటుగా ఉన్నాయని కాలేజీ పిల్లలు నవ్వుకోవడం కూడా వింటుంటాను. మోటు సంగతి అలా ఉంచండి. ఆ పేర్లు ఎలా వచ్చాయో తెలిస్తే ఎవరికీ నవ్వు రాదు.

యాదమ్మ అంటే యాదగిరిగుట్ట నరసింహస్వామికి మొక్కుకుంటే పుట్టిన పిల్ల. మగపిల్లాడైతే యాదయ్య, యాదగిరి. ఈ రోడ్డు నల్గొండ వైపు పోతుంది కదా, ఆ దారిన ఉన్న దేవుళ్లంతా మన పేర్లలోకి దిగారు. నార్కట్‌పల్లి దగ్గరి చెర్వుగట్టు రామలింగేశ్వరుడికి మొక్కితే లింగస్వామి, లింగమ్మ. ఇంకా ముందుకెళ్తే సూర్యాపేట జిల్లాలో జాన్‌పహాడ్ దర్గా. అక్కడ మొక్కుకున్న హిందువుల ఇళ్లలోనే సైదులు, సైదమ్మ అన్న పేర్లు బోలెడు. పిల్ల బతికి బట్టకడితే చాలనుకునే తల్లికి గుడి అయితేనేం, దర్గా అయితేనేం! చెరువుకట్ట మైసమ్మ, ఊరిని కాచే పోచమ్మ సరేసరి. ఎక్కడో శ్రీవిల్లిపుత్తూరులో పాశురాలు పాడిన ఆండాళ్ తల్లి మన పల్లెలకొచ్చి 'అండాలు' అయి నాట్లు వేస్తోంది.

అన్నింటికన్నా నన్ను ఆపేసే పేరు పెంటమ్మ. వినగానే ముఖం చిట్లిస్తాం. ఒకరి తర్వాత ఒకరుగా బిడ్డలు పోయిన ఇంట్లో, తర్వాత పుట్టిన పసిగుడ్డును పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఇంకెవరితోనో ఎత్తించుకుని తెచ్చుకునేవారు. 'ఇది మా బిడ్డ కాదు, పెంట మీద దొరికింది' అంటే చావు కూడా దీన్ని వదిలేసి పోతుందని ఆశ. అందుకే పెంటమ్మ, పెంటయ్య. బిచ్చమెత్తి తెచ్చుకున్నట్టు చేస్తే భిక్షమయ్య, భిక్షపతి. "ముగ్గురు పోయినంక నేను పుట్టిన, దిష్టి తగలకుండ గీ పేరు పెట్టిన్రు" అని చెప్పే పెద్దవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. ఆసుపత్రి అందుబాటులో లేనిచోట, టీకాలు లేని రోజుల్లో తల్లి చేతిలో ఉన్న మందు అదొక్కటే. చిత్రమేమిటంటే, చెవికి అన్నింటికన్నా వికారంగా వినిపించే పేరే అందరికన్నా ఎక్కువగా కోరుకున్న బిడ్డది.

దీన్ని మహారాష్ట్రలోని 'నకుసా'తో కలపకూడదు. నకుసా అంటే అక్కర్లేనిది అని అర్థం. ఆడపిల్ల మీద ఆడపిల్ల పుడితే అలా పిలిచేవారు. 2011లో సతారా జిల్లాలో అలాంటి రెండు వందలకు పైగా అమ్మాయిలకు అధికారులే సభ పెట్టి కొత్త పేర్లు ఇప్పించారు. మంచిపని. మన పెంటమ్మ కథ దానికి సరిగ్గా తలకిందులు.

ఇంటిపేరు ఎవరిచ్చింది?

ఇక ఇంటిపేరు దగ్గరికి వద్దాం. "అమ్మాయికి ఇంటిపేరు మారింది" అంటే పెళ్లయిందని అర్థం మనకి. ఇంటిపేరంటే వంశగౌరవం, దాన్ని నిలబెట్టాలి అంటూ పెద్దలు చెప్పే మాటలు వినీ వినీ అదేదో రాతి మీద చెక్కినట్టు అనిపిస్తుంది. తీరా చూస్తే చాలా ఇంటిపేర్లు ఉత్త ఊరిపేర్లు. కొండపల్లి, దేవులపల్లి, నెల్లూరి, పాలకుర్తి... సొంత ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఎవర్నీ ఆ ఊరిపేరుతో పిలవరు. ఊరు వదిలి ఇంకోచోటికి వలస వెళ్తేనే "ఫలానా ఊరివాళ్లు" అంటారు, అదే అతుక్కుపోతుంది. అంటే ఆ పేరు పెట్టింది తాతముత్తాతలు కాదు, కొత్త ఊళ్లోని ఇరుగుపొరుగు! హైదరాబాద్ రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా చేసిన బూర్గుల రామకృష్ణారావు గారి అసలు ఇంటిపేరు పుల్లంరాజు. బూర్గుల వాళ్ల ఊరు.

కాబట్టి మగవాళ్ల ఇంటిపేర్లూ మారాయి. కాకపోతే వాళ్లకి ఊరు మారితే మారింది, మనకి పెళ్లయితే మారుతుంది. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసిన భండారు అచ్చమాంబ, కొమర్రాజు లక్ష్మణరావు గారు సొంత అక్కాతమ్ముళ్లని పేర్లు చూసి ఎవరైనా పోల్చగలరా? గాయని పి.సుశీలకు మాత్రం పెళ్లయ్యాక కూడా పుట్టింటి 'పులపాక'లోని 'పి' అలాగే ఉండిపోయింది. దానివల్ల కొంపలేమీ మునగలేదు.

ఇంటిపేరు అసలే దక్కనివాళ్లూ ఉన్నారు. విసునూరు దొరను ఎదిరించి తన పంటను తాను దక్కించుకున్న ఐలమ్మ ఇంటిపేరు చిట్యాల. అయినా లోకం నోట చాకలి ఐలమ్మగానే నిలిచింది. 2024లో హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి పెట్టింది కూడా ఆ పేరే. కులాన్నే గర్వంగా నిలబెట్టారని కొందరంటారు, అదీ నిజమే. కానీ దొరను దొరగానూ, ఆమెను కులంతోనూ పిలిచిన అలవాటు ఎక్కడిదో కూడా గుర్తుంచుకోవాలి కదా.

అన్నట్టు, పెద్ద అంబర్‌పేట్ నుంచి నగరంలోకి వెళ్తుంటే వచ్చే హయత్‌నగర్ ఒక ఆడమనిషి పేరు. గోల్కొండ సుల్తాను కూతురు, ఇంకో సుల్తాను భార్య, మరో సుల్తానుకు తల్లి అయిన హయత్ బక్షీ బేగం. తండ్రి పేరూ భర్త పేరూ తగిలించకుండా ఆమె సొంతపేరే నాలుగు వందల ఏళ్లుగా ఊరికి ఉంది. రాణులకు చెల్లింది, మన సంగతేమిటి అంటారా?

మనకీ చెల్లుతుంది. తెలుగింటి కేసే ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2006లో బిడ్డ పుట్టిన కొన్ని నెలలకే భర్త పోయాడు. ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంది, బాబుకు కొత్త ఇంటిపేరు వచ్చింది. తాతా నానమ్మా కోర్టుకెక్కారు. కన్నతండ్రి ఇంటిపేరే ఉంచాలని, కాగితాల్లో ఇప్పటి భర్తను సవతి తండ్రిగా చూపాలని 2014లో హైకోర్టు చెప్పింది. 2022 జులై 28న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. తండ్రి లేనప్పుడు బిడ్డకు సహజ సంరక్షకురాలు తల్లే, ఇంటిపేరు నిర్ణయించే హక్కు ఆమెదే అంది. 'సవతి తండ్రి' అని రాయించడం పసివాడి మనసుకు ఎంత క్రూరమో కూడా చెప్పింది.

పెళ్లయ్యాక భర్త ఇంటిపేరు పెట్టుకోవాలనే చట్టమేదీ మనకు లేదు. ఇష్టంగా మార్చుకుంటే తప్పూ లేదు. సగం సగం మార్చుకోవడంతోనే చిక్కు. పదో తరగతి మెమోలో పుట్టింటి అక్షరం, ఆధార్‌లో అత్తింటిది, బ్యాంకు పుస్తకంలో అసలు అక్షరమే లేకుండా ఉత్త పేరు... మా వీధిలోనే ఒకావిడ భర్త పోయాక పింఛను కోసం, ఈ ముగ్గురూ తానొక్కతేనని రుజువు చేసుకోవడానికి నెలల తరబడి తిరిగింది. మార్చుకోవాలనుకుంటే అఫిడవిట్ రాయించి, పత్రికల్లో ప్రకటన ఇచ్చి, గెజిట్‌లో వేయించి, ఆ కాపీతో అన్ని కాగితాలూ ఒకేసారి మార్పించుకోండి. వద్దనుకుంటే పదో తరగతి మెమోలో ఉన్న పేరే అన్నిచోట్లా రాయండి. ఈ ఆదివారం వంట అయ్యాక ఆ కాగితాలన్నీ ఓసారి బయటికి తీసి పక్కపక్కన పెట్టి చూసుకోండి. మీవే కాదు, మీ అమ్మవి కూడా.