పానగల్ రాజా

కోలారు బంగారు గనులలో పనికి వచ్చిన కుటుంబాలలో ఎన్నో పూర్వపు ఉత్తర ఆర్కాటు జిల్లా పల్లెలకు చెందినవి. ఆ జిల్లా ఆనాడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. కోలారుకు తూర్పున ఉన్న పలమనేరు ప్రాంతం కూడా, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు, అందులోనిదే. గనులకు తరలివచ్చినవారిలో చాలామంది, సొంత ఊరిలో చేదబావి గట్టు ఎక్కడానికి వీలులేని కులాలవారు.

అదే జిల్లాలోని కాళహస్తిలో 1866 జూలై 9న, ఒక వెలమ జమీందారీ కుటుంబంలో, పానగంటి రామారాయణింగారు జన్మించారు. పానగల్ రాజాగా ప్రసిద్ధులైనవారు వీరే. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి ఎం.ఏ. పట్టా పొందారు.

1890లో ఆయన ఉత్తర ఆర్కాటు జిల్లా బోర్డు సభ్యులయ్యారు. రోడ్లు, ఆసుపత్రులు, బడులు, మంచినీటి బావులు బోర్డు చూసుకోవలసిన పనులు. భూమి శిస్తుతోపాటు వసూలయ్యే సెస్సు, రోడ్డు సుంకాలు దాని ఆదాయం. అయితే బోర్డు అధ్యక్షుడు జిల్లా కలెక్టరే! జమీందారు అయినా కలెక్టరు ఎదుట ఒక సభ్యుడు మాత్రమే.

1920 డిసెంబరులో జస్టిస్ పార్టీ మంత్రివర్గం ఏర్పడినప్పుడు రామారాయణింగారు స్థానిక స్వపరిపాలన శాఖకు మంత్రి అయ్యారు. 1921 జూలైలో ముఖ్యమంత్రి అయ్యారు. అది ద్వంద్వ ప్రభుత్వ కాలం. విద్య, ప్రజారోగ్యం, స్థానిక సంస్థలు భారతీయ మంత్రులకు అప్పగించారు. ఖజానా, పోలీసు, భూమి శిస్తు మాత్రం గవర్నరు కార్యనిర్వాహక మండలి చేతిలోనే ఉంచుకున్నారు. అంటే బావి తవ్వించవలసిన బాధ్యత మంత్రిది. డబ్బు సంచి మరొకరిది.

అయినా డబ్బుతో నిమిత్తం లేని పనులు కొన్ని ఉంటాయి. 1924లో శాసనమండలిలో రెట్టమలై శ్రీనివాసన్ ఒక తీర్మానం ప్రవేశపెట్టారు. ప్రజల సొమ్ముతో ఏర్పడిన రోడ్లు, బావులు, చెరువులు, కార్యాలయాలు అన్ని కులాలవారికీ అందుబాటులో ఉండాలని దాని సారాంశం. తీర్మానం నెగ్గింది. సెప్టెంబరులో ప్రభుత్వం ఉత్తర్వు వెలువరించింది. ఆ రోడ్లూ బావులూ చాలావరకు పానగల్ రాజా శాఖ కింది స్థానిక సంస్థలవే. ఉత్తర్వు వచ్చినంత మాత్రాన ప్రతి ఊరిలోనూ దారి తెరుచుకోలేదు. కాని అడ్డగించినవాని పక్షాన సర్కారు లేదని మొదటిసారిగా చెప్పడానికి ఒక కాగితం దొరికింది.

ఆయనపై విమర్శలూ లేకపోలేదు. స్థానిక బోర్డులలో సభ్యులను నియమించే అధికారాన్ని పార్టీవారికి మేలు చేయడానికి వాడుకున్నారని ప్రత్యర్థులు ఆరోపించారు. ఈ నియామకాలపై సొంత పార్టీలోనే అసంతృప్తి పెరిగింది. 1926 ఎన్నికలలో పార్టీ ఓడిపోగా పదవి వదిలారు. 1928 డిసెంబరు 16న మరణించారు.

ఆయన ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో మద్రాసులో ఒక పెద్ద చెరువును పూడ్చి త్యాగరాయనగర్‌ను నిర్మించారు. అక్కడి ఉద్యానవనం పేరు పానగల్ పార్కు.