అమ్మమ్మకు చదివి వినిపించండి

2025లో మన రెండు రాష్ట్రాల్లో బడులకు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు వేసవి సెలవులిచ్చారు. ఏడు వారాలు! మా సంఘాల్లో వి.బి.ఎస్. మహా అయితే పది రోజులు. కంఠత వాక్యాలు, యాక్షన్ సాంగ్స్‌తో మందిరం మారుమోగుతుంది. ఆ తర్వాత? సెల్‌ఫోనే పిల్లల కాపరి.

1780లో ఇంగ్లాండులోని గ్లోస్టర్‌లో రాబర్ట్ రైక్స్ సండేస్కూలు ఆరంభించినప్పుడు, వారమంతా కూలికి పోయే పేద పిల్లలకు అక్కడ చదవడం కూడా నేర్పారు. నేడు ఇంగ్లీషు మీడియంలో చదివే మన పిల్లల్లో చాలామంది తెలుగు బైబిలు తెరిస్తే ఒత్తుల దగ్గరే ఆగిపోతున్నారు. దీన్ని మేము చిన్న లోటుగా ఎంచడం లేదు.

ప్రియ తల్లిదండ్రులారా, తిమోతి విశ్వాసాన్ని తలచుకుంటూ పౌలు అతని అవ్వ లోయిని, తల్లి యునీకేను పేరుపెట్టి జ్ఞాపకం చేశాడు (2 తిమోతి 1:5). మన ఇళ్లలో చదువు రాని, చూపు మందగించిన అమ్మమ్మలు, నాయనమ్మలు ఎందరో! సాయంత్రం వేళ మనవల్ని వారి పక్కన కూర్చోబెట్టండి. మార్కు సువార్త 16 అధ్యాయాలే, రోజుకొకటి బిగ్గరగా చదవనివ్వండి. పిల్లలు తడబడితే అవ్వ కథ అందిస్తుంది. తప్పు చదివారని గద్దించకండి, మార్కులైతే అసలే వద్దు. అది ముగిశాక లూకా 24 అధ్యాయాలు. వి.బి.ఎస్. కూడా కలుపుకుంటే బడి తెరిచే రోజు వచ్చేస్తుంది.