తేలిక నేలల వర్జీనియా పొగాకు: కోత వారాల్లో పక్వత పరిశీలన

జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం, గోపాలపురం ప్రాంతాల తేలిక నేలల్లో నీటి వసతి కింద సాగయ్యే వర్జీనియా పొగాకుకు ధర వేలం కేంద్రంలో పలుకుతుంది. నాణ్యత మాత్రం చాలావరకు కోతకు ముందు వారాల్లో పొలంలోనే తేలిపోతుంది. పచ్చిగా కోసిన ఆకును ఏ బ్యారన్‌లో పెట్టినా పండిన ఆకు కాదు.

తల తుంచిన తరువాత పూతకు పోవలసిన పోషకాలు ఆకులకు మళ్ళుతాయి. ఆకు మందమెక్కుతుంది. వేరు వ్యవస్థ విస్తరిస్తుంది; నికోటిన్ తయారయ్యేది వేళ్ళలోనే కనుక దాని శాతమూ పెరుగుతుంది. అయితే ప్రతి ఆకు మొదట పిలక లేస్తుంది. పిలకలను వదిలివేస్తే తల తుంచిన ప్రయోజనం వాటి పాలవుతుంది. డెకనాల్ 4 శాతం ద్రావణాన్ని కాండం వెంట జారి ప్రతి ఆకు మొదలునూ తడిపేలా పోయాలి. తాకిన లేత పిలకను మాత్రమే అది మాడ్చగలదు; ముదిరిన పిలకను చేతితో తీయవలసిందే.

ఈ నేలల్లో రైతును తరచుగా మోసగించేది అకాల పసుపు. ఇసుక పాలు ఎక్కువైన నేల నత్రజనిని నిలుపుకోలేదు. భారీ వర్షం కురిసినా, అతిగా నీరు పెట్టినా నత్రజని కిందికి కొట్టుకుపోయి, అడుగు ఆకులు మొదలుకొని మొక్క అంతా పాలిపోతుంది. చూపుకు అది పక్వతలాగే ఉంటుంది. కాని ఆ ఆకు పలుచగా, జిగురు లేకుండా ఉంటుంది. నిజంగా పండిన ఆకులో కొన, అంచులు ముందుగా పసుపెక్కుతాయి. నడిమి ఈనె తెల్లబడుతుంది. ఆకు కొంత వాలుతుంది. కిందికి వంచగానే కాండం నుండి తేలికగా విడివడుతుంది. దీనికి విరుద్ధమైన పొరపాటు ఆలస్యంగా వేసిన నత్రజని. అది ఆకును పచ్చగానే పట్టి ఉంచి పక్వతను వెనక్కు నెడుతుంది.

అన్ని ఆకులకూ ఒకే కొలత పనికిరాదు. అడుగు ఆకులను పసుపు ఛాయ తగలగానే కోయాలి, జాగు చేస్తే చేనులోనే ఎండిపోతాయి. పై ఆకులు బాగా పండేవరకు ఓర్పు వహించాలి. వారానికొకసారి మొక్కకు రెండు మూడు ఆకులు కోయడం మేలని రైతులకు తెలియనిది కాదు. కాని బ్యారన్ ఒకేరోజు నిండాలి, కూలీలు దొరికిన రోజే కోత సాగాలి. అందువల్ల పండిన రెండింటితోపాటు పచ్చివి మరో రెండు కర్రకెక్కుతాయి.

క్యూరింగ్ తొలిదశలో 32 నుండి 38 డిగ్రీల సెల్సియస్ వేడిలో, అధిక తేమలో పిండిపదార్థం చక్కెరగా మారుతూ ఆకు పసుపెక్కుతుంది. పచ్చి ఆకు దీనికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. దానికోసం ఆగితే పక్కనున్న పండిన ఆకు గోధుమరంగుకు తిరుగుతుంది. ఆగకపోతే పచ్చి ఆకులో ఆకుపచ్చ అలాగే నిలిచిపోతుంది. బ్యారన్ దింపే రోజున విస్తరణ శాస్త్రవేత్త రైతుతో కలిసి ఒక కర్ర ఆకును విడదీసి పరిశీలించి, తదుపరి కోతకు ఎన్ని ఆకులు తీయాలో అక్కడే నిర్ణయించడం మంచిది.