దామెర్ల రామారావు చిత్రకళా మందిరం

దామెర్ల రామారావు చిత్రకళా మందిరం రాజమండ్రి (రాజమహేంద్రవరం)లోని చిత్రకళా ప్రదర్శనశాల. గోదావరి ప్రాంత చిత్రకారుల రచనలు వారి సొంత గడ్డపైనే శాశ్వతంగా ప్రదర్శింపబడడం దీని ప్రత్యేకత.

నేపథ్యం

20వ శతాబ్దపు తొలి దశకాలలో చిత్రకళా ప్రదర్శనలు ఎక్కువగా బొంబాయి, కలకత్తా, మద్రాసు వంటి నగరాలలోనే జరిగేవి. తెలుగు చిత్రకారులు తమ చిత్రాలను చూపడానికి అంత దూరం పోవలసి వచ్చేది. రాజమండ్రి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే స్థానిక యువకులను ప్రోత్సహించాడు. దామెర్ల రామారావు (1897 - 1925), భీమవరంలో జన్మించిన అడివి బాపిరాజు (1895 - 1952) అలా ఎదిగినవారే. బొంబాయి జె.జె. కళాశాలలో చదువు ముగించిన రామారావు స్వస్థలానికి తిరిగి వచ్చి చిత్రకళాశాల నెలకొల్పాడు.

మందిరం

రామారావు 27 ఏళ్ళ వయసులోనే మశూచితో మరణించాడు. ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారులే. మిత్రుడు వరదా వెంకటరత్నం తదితరులు ఆయన చిత్రాలు చెల్లాచెదురు కాకుండా కాపాడారు. తరువాత మందిరం రాష్ట్ర ప్రభుత్వ నిర్వహణలోకి వచ్చింది. "సిద్ధార్థ రాగోదయం", "పుష్పాలంకరణ" రామారావు ప్రసిద్ధ చిత్రాలు.

ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాలు రాజమండ్రితో పాటు హౌరా - చెన్నై రైలు మార్గంపైనే ఉన్నాయి. కనుక కొల్లేరు పరిసరాల విద్యార్థులు సైతం అచ్చులో కాక, చిత్రకారుని చేతి గీతలనే దగ్గరగా చూసి నేర్చుకొనే అవకాశం ఇక్కడ ఉంది.