నాలుగు బొమ్మలు చెప్పిన సత్యం



బిడ్డకు అక్షరాలు రాకముందే ఒక పాఠం వచ్చేస్తుంది. "వీళ్ళు మనవాళ్ళు, వాళ్ళు మనవాళ్ళు కారు" అనేదే ఆ పాఠం. ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. పెద్దల మాటలు, చూపులు చూచి బిడ్డ తానే నేర్చుకుంటాడు. ఆ పాఠం పసి మనస్సును ఎంత గాయపరుస్తుందో అమెరికాలో ఇద్దరు దంపతులు లోకానికి చూపించారు.

కెన్నెత్ క్లార్క్, ఆయన భార్య మేమీ క్లార్క్ నల్లజాతివారు. ఇద్దరూ కొలంబియా విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రంలో డాక్టరేటు పొందారు. కెన్నెత్ న్యూయార్క్ సిటీ కాలేజీలో అధ్యాపకుడుగా పనిచేశారు. ఆ రోజుల్లో దక్షిణ రాష్ట్రాలలో చట్టప్రకారమే తెల్లవారి పిల్లలకు ఒక బడి, నల్లవారి పిల్లలకు వేరొక బడి ఉండేవి.

ఆ దంపతులు మూడు మొదలు ఏడు సంవత్సరాల వయస్సుగల 253 మంది నల్లజాతి పిల్లలను పరీక్షించి, 1947లో ఫలితాలు ప్రచురించారు. పిల్లల ముందు నాలుగు బొమ్మలు ఉంచారు. చర్మము రంగు, జుట్టు రంగు తప్ప అన్నీ ఒకే పోలిక. "చెడ్డగా కనబడే బొమ్మ ఏది?" అని అడిగితే నూటికి 59 మంది నల్ల బొమ్మను చూపించారు. "నీలాంటి బొమ్మ ఏది?" అనేసరికి కొందరు ఏడ్చేశారు.

1954 మే 17న అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మిదిమందీ ఏకగ్రీవంగా వేరు బడులు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పారు. ఆ తీర్పు అడుగున ఇచ్చిన వివరణలో కెన్నెత్ క్లార్క్ రచన కూడా ఉన్నది.

అయితే ఒక సంగతి గమనించండి. ఉత్తరాదిలో తెల్లవారితో కలిసి చదివే నల్ల పిల్లలు దక్షిణాది పిల్లలకంటే ఇంకా ఎక్కువగా నల్ల బొమ్మనే చెడ్డదిగా చూపించారు. ఒకే గదిలో కూర్చోబెట్టినంత మాత్రాన మనస్సులు కలియవన్నమాట. మరి ఎలా కలుస్తాయి? హార్వర్డ్ ఆచార్యుడు గోర్డన్ ఆల్‌పోర్ట్ అదే 1954లో వ్రాసిన గ్రంథంలో దీనికి జవాబు వెదకాడు. ఇరువర్గాలకు సమాన స్థానం ఉండాలి, ఒకే గురి ఉండాలి, చేయి చేయి కలిపి పనిచేయాలి, పెద్దలు దానిని సమర్థించాలి. తరువాత 515 అధ్యయనాలను కలిపి పరిశీలించిన పండితులు, పరస్పర సహవాసం వలన ద్వేషం సాధారణంగా తగ్గుతుందని 2006లో తేల్చారు. ఈ నాలుగూ ఉన్నచోట ఇంకా ఎక్కువగా తగ్గుతుందని చెప్పారు.

సంఘస్థులమైన మనకు గుచ్చుకొనే మాట ఇంకొకటున్నది. ఆల్‌పోర్ట్ మరియొకరితో కలిసి 1967లో ప్రచురించిన పరిశోధనలో, గౌరవం కొరకు, లాభం కొరకు గుడికి వచ్చేవారిలో జాతి ద్వేషం ఎక్కువగా కనబడింది. విశ్వాసమే జీవితముగా బ్రతికేవారిలో అది తక్కువగా ఉన్నది. ఇద్దరూ ఒకే గుడిలో కూర్చున్నవారే!

తల్లులారా, తండ్రులారా, మన గ్రామాలలో తెల్లజాతి, నల్లజాతి అనే గోడలు లేకపోవచ్చు. కాని "నల్లపిల్ల, ఎవరు చేసుకుంటారో" అని నిట్టూర్చే ఇల్లు లేదా? "ఆ పేటవాళ్ళతో ఆడకు" అనే మాట మన బిడ్డల చెవిని పడటం లేదా? ప్రభువు బల్ల దగ్గర ఒక్కటై, ఇంటి విందులో వేరైతే బిడ్డలు దేనిని నమ్ముతారు? ఈ ఆదివారం ఆ పేట కుటుంబాన్ని భోజనానికి పిలవండి. మీ పిల్లలనే వడ్డించమనండి. ఆ పాఠం వారు మరువరు.